అరేంజర్ కీబోర్డులో స్టైల్స్ వాడకం, మార్పిడి: చాలాకాలం వాయించిన తర్వాత రాస్తున్న సమీక్ష

యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్700 అనే అరేంజర్ కీబోర్డు మీద కొన్నేళ్ళుగా వాయిస్తున్నాను. ఎడమచేత్తో కార్డు (కలిపి నొక్కే కొన్ని స్వరాలు) పట్టుకుంటే తాళవాద్యం, బేస్, గిటారు వంటివి తమంతట తామే వెంట నడిచే కీబోర్డు ఇది. అలా నడిచే సహకార వాద్యపు నమూనానే స్టైల్ అంటారు. కావలి చుట్టుపక్కల పెళ్ళిళ్ళు, చర్చి ఆరాధనలు, శ్రీరామనవమి పందిళ్ళు, ఇటు నెల్లూరు నుంచి అటు ఒంగోలు దాకా ఏ కార్యక్రమమైనా ఇదే వాద్యం. దీని స్వరాల నాణ్యత గురించి చాలామంది చెప్పారు కాబట్టి నేను స్టైల్స్ గురించి, ముఖ్యంగా వేరే కీబోర్డుల స్టైల్స్‌ను ఇందులోకి తెచ్చుకోవడం గురించి మాత్రమే రాస్తున్నాను.

2019లో వచ్చిన ఈ మోడల్‌లో 400 స్టైల్స్ ఉన్నాయి. పాశ్చాత్య బాణీలకు వాటితో లోటు లేదు. డోలక్ నడక, డప్పు దరువు, తిశ్రగతిలో సాగే కీర్తన వచ్చేసరికి మాత్రం బయటి స్టైల్స్ అవసరమవుతాయి. ఇవి మన ప్రాంతంలో పెన్‌డ్రైవ్‌ల ద్వారా చేతులు మారుతూ ఉంటాయి. అయితే స్టైల్ ఫైల్‌లో ధ్వని ఉండదు. ఏ స్వరం, ఎప్పుడు, ఎంత బలంగా, ఏ నంబరు వాయిస్‌తో (కీబోర్డులోని వాద్య ధ్వనితో) మోగాలో చెప్పే మిడి సమాచారం ఉంటుంది, దాని వెనుక కార్డు మారినప్పుడు ఏ భాగం ఎలా నడుచుకోవాలో చెప్పే సీఏఎస్ఎమ్ అనే విభాగం ఉంటుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే మార్పిడిలో వచ్చే చిక్కులు చాలావరకు అర్థమవుతాయి.

మొదటి చిక్కు తాళవాద్యాలది. పీఎస్ఆర్-ఐ500 వంటి భారతీయ మోడల్ కోసం చేసిన స్టైల్‌లో తబలా దెబ్బలు ఆ కీబోర్డులోని భారతీయ కిట్‌ను (మీటకొక దెబ్బగా అమర్చిన తాళవాద్య ధ్వనుల సముదాయాన్ని) అనుసరించి మీటల మీద అమరి ఉంటాయి. ఆ కిట్ లేని వాద్యంలో అదే స్టైల్ తెరిస్తే సాధారణ డ్రమ్ సెట్ మోగి, తబలా ఉండవలసిన చోట సింబల్, గంట, స్నేర్ డ్రమ్ వినిపిస్తాయి. లయ మాత్రం చెదరదు. సరైన తబలా కిట్‌ను ఎక్స్‌పాన్షన్ ప్యాక్‌గా (అదనపు ధ్వనుల ఫైల్‌గా) ఎక్కించుకుని, ఒక్కొక్క దెబ్బను దాని మీటకు మార్చుకుంటే పాత ప్రాణం తిరిగి వస్తుంది. ఇది ఓపిక కోరే పని. నాలుగు బాగా నచ్చిన స్టైల్స్‌కు ఈ శ్రమ పడడం, వేల స్టైల్స్ నింపుకుని సభలో వెతుక్కోవడం కంటే ఎంతో మేలని నా గట్టి అభిప్రాయం.

రెండవది సీఏఎస్ఎమ్ అమరిక. స్టైల్‌లో ఒక్కో వాద్యభాగానికి ఒక్కో చానల్ ఉంటుంది. డోలక్‌ను తాళవాద్యాలకు కేటాయించిన 9, 10 చానళ్ళలో కాకుండా 14వ చానల్‌లో పెట్టిన స్టైల్స్ కొన్ని దొరుకుతాయి. కార్డు మారినా స్వరాలు జరగకుండా ఆ చానల్‌ను రూట్ ఫిక్స్‌డ్, బైపాస్ అని అమర్చకపోతే, సి కార్డు మీద చక్కగా ఉన్న డోలక్ ఎఫ్ కార్డుకు మారగానే మరో వాద్యమైపోతుంది. స్టైల్స్‌ను సవరించే స్టైల్ క్రియేటర్‌లోకి వెళ్ళి దీన్ని కీబోర్డులోనే సరిచేయవచ్చు. కంప్యూటర్ అక్కరలేదు. ఈ సౌకర్యాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

గిటారు భాగాలది వేరే సంగతి. పెద్ద మోడళ్ళ స్టైల్స్‌లో మెగావాయిస్ గిటార్లు ఉంటాయి, వాటిలో మీట నొక్కే బలాన్ని బట్టి తీగ మీటిన ధ్వని, అరచేత్తో ఆపిన ధ్వని, జారుడు వేరువేరుగా పలుకుతాయి. ఆ వాయిస్ లేని చిన్న కీబోర్డులో మామూలు గిటారు పెడితే, తీగ గీరిన శబ్దాలు పలకవలసిన పై మీటలు కీచుమనే స్వరాలుగా వినిపిస్తాయి. అక్కడ ఆ స్వరాలను తొలగించాలి, లేదా ఆ చానల్‌ను ఆపేయాలి. 2008లో టైరోస్3తో వచ్చిన ఎస్ఎఫ్ఎఫ్ జీఈ అనే స్టైల్ ఫైల్ పద్ధతిలో గిటారు కార్డుల కోసం ప్రత్యేక నియమాలు చేరాయి, పాత ఎస్ఎఫ్ఎఫ్‌లోకి దింపితే అవి పోతాయి.

ఇన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రాగం. యమహా స్టైల్స్‌కు మూల కార్డు సాధారణంగా సి మేజర్ సెవెన్త్, అంటే అందులో నిషాదం ఉంటుంది. మోహనంలో మధ్యమ నిషాదాలు లేవు. మోహనంలో సాగే పాట వెనుక ప్యాడ్ (సాగదీసి పలికే నేపథ్య స్వరాలు), ఫ్రేజ్ (చిన్న స్వరపు మలుపులు) చానళ్ళు ఆ నిషాదాన్ని పలికించినప్పుడు, గాయకుడు ఎంత శ్రుతిశుద్ధంగా పాడినా రాగం పలుచబడుతుంది. హిందోళంలో పంచమమే లేదు, కానీ స్టైల్స్‌లో బేస్ నూటికి తొంభై పాళ్ళు షడ్జమం, పంచమం మధ్యనే తిరుగుతుంది. అందుకని ఇటువంటి పాటలకు నేను ప్యాడ్, ఫ్రేజ్ చానళ్ళను మూసివేసి, బేస్‌లో పంచమం ఉన్న చోట మధ్యమమో, మళ్ళీ షడ్జమమో రాసుకున్న ప్రత్యేక స్టైల్స్‌ను భద్రపరుచుకున్నాను. భజనలలో పెద్దవాళ్ళు వెంటనే గమనించే తేడా ఇదే.

తీర్మానాల (భాగం ముగింపులో వేసే ముక్తాయింపుల) దగ్గర ఒక పరిమితి ఉంది. స్టైల్‌లో భాగాల మధ్య వచ్చే చిన్న దరువు, అంటే ఫిల్లిన్, ఒక్క బార్‌కు (పాశ్చాత్య లెక్కలో ఒక ఆవర్తానికి) మించదు, మన తీర్మానాలకు అది చాలదు. పాట నడుస్తుండగా ఇంట్రో (ఆరంభ భాగం) మీట నొక్కితే ఆ ఇంట్రో పూర్తయి తిరిగి మెయిన్‌లోకి (ప్రధాన నడకలోకి) వస్తుంది కాబట్టి, రెండు బార్ల తీర్మానాన్ని నేను ఇంట్రో భాగంలో రాసుకుంటాను. పల్లవి చివర ఇది నిండుగా పడుతుంది.

కంపెనీ మారితే పని మళ్ళీ మొదటికి వస్తుంది. కాసియోలో రిథమ్ ఫైల్స్ ఏసీ7 రూపంలో ఉంటాయి. కోర్గ్ పీఏ వరుసలో స్టైల్‌కు ఎనిమిది ట్రాకులు, ఆరు వరకు కార్డ్ వేరియేషన్లు (కార్డు రకాన్ని బట్టి మారే రూపాలు) ఉంటాయి, మిడి ఫైల్‌ను స్టైల్ రికార్డులోకి నేరుగా దిగుమతి చేసుకునే వీలు కూడా ఉంది. మార్పిడి సాఫ్ట్‌వేర్లు స్వరాలను దాదాపు యథాతథంగా చేరవేస్తాయి, వాయిస్ ఎంపికను, చానళ్ళ మధ్య ధ్వని తూకాన్ని మాత్రం చెవితోనే సరిచూడాలి. నేను ముందు తాళవాద్యాన్ని ఒంటరిగా వింటాను, తర్వాత బేస్ కలుపుతాను, ఆ రెండూ కుదిరాకే మిగిలినవి తెరుస్తాను. పన్నెండు స్కేళ్ళలోనూ మేజర్, మైనర్, సెవెన్త్ కార్డులు నొక్కి చూసిన తర్వాతే ఆ స్టైల్‌ను రిజిస్ట్రేషన్‌లో (ఒక్క మీటతో తెరుచుకునేలా భద్రపరిచిన అమరికలో) చేర్చి వేదిక ఎక్కిస్తాను.