లోడు బండికి క్లచ్చా, ఆటోమేటిక్కా? వరంగల్ దారుల మీద పికప్‌ల పోలిక

సరుకు తోలడానికి ఎల్లో బోర్డు పికప్ కొనేవాళ్లకు ఈ ప్రశ్న రానే రాదు. ఎనుమాముల మార్కెట్ ముందు వరుస కట్టే డీజిల్ బండ్లు, అంటే బొలెరో పికప్, బొలెరో మ్యాక్స్, టాటా యోధ, ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్, అన్నీ ఐదు గేర్ల క్లచ్ బండ్లే. ఆటోమేటిక్ మాట వచ్చేది రెండు వరుసల సీట్లుండే డబుల్ క్యాబ్ దగ్గరే: టయోటా హైలక్స్, ఇసుజు వీ-క్రాస్. క్వారీలు, కాంట్రాక్టు పనులు, అడవి అంచున పొలాలు ఉన్నవాళ్లు వీటి దగ్గరే తర్జనభర్జన పడుతుంటారు. తీర్పు ముందే చెప్పేస్తాం. హైలక్స్ అయితే ఆటోమేటిక్ తీసుకోండి. వీ-క్రాస్ అయితే బండి ఎవరి చేతిలో నడుస్తుందో చూసి తేల్చుకోండి. రోజూ టన్నున్నర ఎత్తాల్సిన పని ఉంటే ఈ రెండూ వద్దు. బొలెరో పికప్ మోసే 1700 కిలోల దరిదాపుల్లోకి కూడా ఇవి రావు. క్లచ్ బండే కొని, ఆ క్లచ్‌ను కాపాడుకోండి.

మైలేజీ, ధర, సుఖం అని ఎన్ని లెక్కలేసినా అసలు విషయం వేడి. లోడు బండి కదిలే క్షణంలో ఇంజిన్ తిరుగుతుంటుంది, చక్రం ఆగి ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడో ఒకచోట వేడిగా మారక తప్పదు. మాన్యువల్‌లో ఆ వేడంతా ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య నలిగే ఒక పొడి క్లచ్ ప్లేటు మీద పడుతుంది. చుట్టూ నూనె ఉండదు, గాలి అంతంత మాత్రం. ఆటోమేటిక్‌లో ఆ క్లచ్ బదులు ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ ఉంటుంది కాబట్టి ఆ వేడి నూనెలోకి వెళ్తుంది, నూనె కూలర్‌కు పోయి చల్లారి తిరిగొస్తుంది. అంటే ఒకదాంట్లో ప్లేటు కాలుతుంది, ఇంకోదాంట్లో నూనె కాగుతుంది. ఏది కొనాలి, కొన్నాక ఏం చూసుకోవాలి అనేదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ముందు క్లచ్ బండి. మిర్చి సీజన్‌లో ఎనుమాముల గేటు ముందు వరుసను గమనించండి. బస్తా 40 కిలోల లెక్కన 40 బస్తాలంటే 1600 కిలోలు, బండి నిండు లోడు. వరుస నాలుగడుగులు కదిలి ఆగుతుంది, మళ్లీ నాలుగడుగులు. చాలామంది డ్రైవర్లు గేరు తీయరు. ఎడమకాలు సగం దాకా నొక్కి పెట్టి, కుడికాలితో కొంచెం రేస్ ఇస్తూ బండిని ఊపుతూ ఉంటారు. ఆ హాఫ్ క్లచ్‌లో ప్లేటు జారుతూనే ఉంటుంది. కాసేపటికి కాలిన వాసన క్యాబిన్‌లోకి వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే ప్లేటు మీది రాపిడి పొర (ఫేసింగ్) కాలి గాజులా నున్నబడుతోందని అర్థం. నున్నబడ్డ ప్లేటు మరింత జారుతుంది, మరింత కాలుతుంది. వరుసలో చేయాల్సింది ఒకటే: ముందు బండి పూర్తిగా జరిగి ఒక బండంత జాగా ఏర్పడేదాకా న్యూట్రల్‌లో ఆగి, తర్వాత ఒకటో గేరులో రేస్ లేకుండా క్లచ్ మెల్లగా వదలాలి. సమతల నేల మీద డీజిల్ ఇంజిన్ ఐడిల్‌లోనే, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండానే, నిండు లోడును లాగేస్తుంది.

క్లచ్‌ను తినే ఇంకో అలవాటు లోడుతో రెండో గేరులో ఎత్తడం. గేరు మార్చే శ్రమ తగ్గుతుందని చేస్తారు. కానీ ఒకటో గేరులో ఒకటి రెండు క్షణాల్లో పట్టేసే ప్లేటు, రెండో గేరులో చాలాసేపు జారాకే పట్టుకుంటుంది. ఖాళీ బండికి పర్వాలేదు, లోడుకు కూడదు. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కేటప్పుడు ట్రాఫిక్ ఆగితే క్లచ్ మీద బండిని నిలబెట్టడం కూడా అలాంటిదే. హ్యాండ్‌బ్రేక్ లాగండి. ఒకటో గేరు వేసి, ఇంజిన్ మోత కొంచెం కిందికి దిగేదాకా క్లచ్ వదలండి. బండి ముందుకు గుంజుతున్నట్టు తెలియగానే హ్యాండ్‌బ్రేక్ దించండి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ వదులైందని ఈ పద్ధతి మానేసిన డ్రైవర్లు ఉన్నారు. కేబుల్ బిగించడానికి అయ్యే ఖర్చు, గేర్‌బాక్స్ దింపి ప్లేటు మార్చే ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

జారుతోందో లేదో తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. నాలుగో గేరులో 40 కి.మీ. వేగంతో పోతూ యాక్సిలరేటర్ ఒక్కసారి నొక్కండి. ఇంజిన్ మోత పెరిగి, బండి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయినట్టే. ఆగి చూడాలంటే హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫుట్‌బ్రేక్ కూడా తొక్కి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే స్లిప్. ఈ పరీక్ష ఒక్కసారి చాలు, పదేపదే చేస్తే మంచి ప్లేటు కూడా చెడుతుంది. రివర్స్ వేసేటప్పుడు గరగరమంటే మాత్రం అది స్లిప్ కాదు, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. హైడ్రాలిక్ క్లచ్ అయితే ముందు ఫ్లూయిడ్ డబ్బా చూడండి, తర్వాత మాస్టర్, స్లేవ్ సిలిండర్ల లీకు, లైన్లో గాలి. ఇవేవీ చూడకుండా గేర్‌బాక్స్ దింపుదాం అనే షెడ్డులో బండి పెట్టకండి.

దింపక తప్పనప్పుడు ప్లేటు ఒక్కటే మార్చి ఊరుకోవద్దు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ సెట్‌గా మార్చాలి. ఫ్లైవీల్ మీద నీలంగా మాడిన మచ్చలు, సన్నటి పగుళ్లు ఉన్నాయేమో వెలుతురులో పెట్టి చూడాలి. మచ్చలున్న ఫ్లైవీల్ మీద కొత్త ప్లేటు వేస్తే బండి ఎత్తేటప్పుడు వణుకుతుంది. గేర్ ఆయిల్ విషయంలో బండితో వచ్చిన పుస్తకంలో రాసినదే పోయాలి. జీఎల్-4 రకం నూనె అడిగిన గేర్‌బాక్స్‌లో డిఫరెన్షియల్‌కు పోసే జీఎల్-5 పోస్తే, కొన్ని రకాల నూనెల్లో ఉండే సల్ఫర్ మందు గేర్లు మెత్తగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులను తినేస్తుంది. అప్పటిదాకా మెత్తగా పడిన రెండో గేరు మొరాయించడం మొదలవుతుంది.

ఇప్పుడు డబుల్ క్యాబ్‌లు. హైలక్స్‌లో 2.8 లీటర్ల డీజిల్, 204 పీఎస్. టార్క్, అంటే తిప్పే బలం, మాన్యువల్‌కు 420 న్యూటన్ మీటర్లు, ఆటోమేటిక్‌కు 500. ఇంజిన్ అదే అయినా మాన్యువల్ కొంటే 80 న్యూటన్ మీటర్లు తక్కువ వస్తాయి. టార్క్ కన్వర్టర్ ఆగినచోటి నుంచి ఎత్తేటప్పుడు టార్క్‌ను దాదాపు రెట్టింపు చేసి పంపుతుంది కాబట్టి, క్వారీ ర్యాంపు మీద కంప్రెసర్ తగిలించి ఎత్తేచోట తేడా ఇంకా పెద్దది. ఎక్స్ షోరూంలో ఒకే వేరియంట్‌లో రెండింటి మధ్య ధర తేడా పెద్దగా ఉండదు. అందుకే హైలక్స్‌కు ఆటోమేటిక్ అని గట్టిగా చెబుతున్నాం. అమెరికాలో ఉన్న మనవాళ్లు వాడే పెద్ద పికప్‌ల కథ కూడా ఇదే. ర్యామ్ 3500లో 6.7 లీటర్ల కమిన్స్ ఇంజిన్‌కు 2018లో మాన్యువల్‌తో దాదాపు 895 న్యూటన్ మీటర్లు ఇస్తే, పెద్ద ఆటోమేటిక్‌తో 1261 ఇచ్చారు. ఆ ఏడాదితో మాన్యువల్ ఆగిపోయింది.

వీ-క్రాస్ లెక్క వేరు. 1.9 లీటర్లు, 163 పీఎస్, 360 న్యూటన్ మీటర్లు, మాన్యువల్‌కైనా ఆటోమేటిక్‌కైనా అవే అంకెలు. రెండింట్లోనూ ఆరు గేర్లే. చిన్న ఇంజిన్ కాబట్టి 2000 ఆర్పీఎం దగ్గరికి వచ్చాకే పూర్తి బలం అందుతుంది. కింద కొంచెం నీరసంగా ఉండే ఆ చోటును ఆటోమేటిక్‌లో కన్వర్టర్ పూడుస్తుంది, మాన్యువల్‌లో డ్రైవర్ కాలు పూడ్చాలి. ఓనరే నడిపితే, గేర్లు వేయడం ఇష్టమైతే మాన్యువల్ మంచి బండే. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు మారే బండి అయితే ఆటోమేటిక్ తీసుకోండి. ఎవరి కాలు ఎలా పడినా కాలిపోవడానికి అందులో ఆ పొడి ప్లేటు లేదు.

ఆటోమేటిక్ కొన్నవాళ్లు తెలుసుకోవాల్సింది నూనె గురించి. గేర్‌బాక్స్ నూనె 80, 90 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. 120 దాటిందంటే త్వరగా పాడై, నూనెను గేర్‌బాక్స్ లోపల పంచే వాల్వ్ బాడీలో జిగట పొరలా పేరుకుంటుంది. మే నెలలో రామగుండం, భూపాలపల్లి వైపు ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. ఆ ఎండలో మొరం దారి మీద మెల్లగా, బరువుతో ఎక్కుతుంటే కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు జారకుండా నేరుగా కలిపే లోపలి క్లచ్) పడదు, నూనె కాగుతూనే ఉంటుంది. పైగా మన దగ్గర రెండు రకాల ధూళి కూలర్‌ను మూసేస్తుంది. కరీంనగర్ వైపు గ్రానైట్ పొడి, జిన్నింగ్ మిల్లుల దగ్గర పత్తి నూగు. బంపర్ జాలీ వెనక చెయ్యి పెట్టి చూడండి, నూగు దుప్పటిలా అట్టకట్టి ఉంటుంది. దాన్ని ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి గాలితో ఊదాలి. ప్రెషర్ వాష్ పైపు దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు వంగి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

జీవితకాలం నూనె అని ఎవరు చెప్పినా లోడు బండికి నమ్మొద్దు. సర్వీస్ పుస్తకంలో కఠిన వాడకం కింద ఇచ్చిన గడువు చూసి, దానికి ముందే మార్చండి. డ్రెయిన్ చేస్తే మొత్తం దిగదు, చాలా భాగం కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే దించి పోసి, కొంతదూరం నడిపి, మళ్లీ దించి పోస్తారు. మట్టం కొలిచే పద్ధతి కూడా అడగండి. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్‌లలో ఇంజిన్ నడుస్తుండగా, నూనె కంపెనీ చెప్పిన వేడికి వచ్చాక ఓవర్‌ఫ్లో ప్లగ్గు తీసి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు అందాజుగా పోసే షెడ్డు వద్దు. క్లచ్ సెట్ ఖర్చు వేలల్లో ఉంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ లక్షల్లోకి పోతుంది.

వాగులు దాటేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నీళ్లు గేర్‌బాక్స్‌లోకి వచ్చేది ఎక్కువగా పైన ఉండే, గాలి ఆడే బ్రీదర్ గొట్టం ద్వారా. వేడి గేర్‌బాక్స్ చల్లటి నీళ్లలో మునగగానే లోపల గాలి కుదించుకుని నీటిని గుంజుకుంటుంది. నూనె స్ట్రాబెర్రీ పాల రంగుకు మారితే ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేయకుండా లారీ మీద ఎక్కించండి. ఆటోమేటిక్‌ను తాడు కట్టి లాగించడం అసలే వద్దు. ఇంజిన్ ఆగి ఉంటే లోపలి పంపు తిరగదు, చక్రాలు తిరిగిన కొద్దీ గేర్లు నూనె లేకుండా అరుగుతాయి. వేరే దారి లేకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించి లాగాలి. బ్యాటరీ దిగితే తోసి స్టార్ట్ చేయడం కూడా కుదరదు కాబట్టి తాడ్వాయి అడవి దాటి పోయేవాళ్లు జంపర్ కేబుళ్లు పెట్టుకోవాలి. ఈ విషయంలో మాన్యువల్‌దే పైచేయి.

దిగుడు దారిలో డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేయడం రెండింట్లోనూ తప్పు. గేరులో ఉండి కాలు తీసేస్తే ఈ ఇంజిన్లు డీజిల్ సరఫరానే ఆపేస్తాయి, న్యూట్రల్‌లో మాత్రం ఐడిల్‌కు తాగుతూనే ఉంటాయి. ఆటోమేటిక్‌లో మాన్యువల్ మోడ్‌కు మార్చి రెండో, మూడో గేరులో దించండి. నల్లరేగడిలో దిగబడితే బండి ఆపి, న్యూట్రల్‌లో 4ఎల్ (నాలుగు చక్రాలకూ బలం పంపే లో గేరు) వేయండి. చక్రాలకు చేరే బలం సుమారు రెండున్నర రెట్లవుతుంది, క్లచ్చుకైనా కన్వర్టర్‌కైనా భారం తగ్గుతుంది. తారు రోడ్డు ఎక్కగానే తీసేయాలి.

సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ చూసేవాళ్లు పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. బ్రేక్ తొక్కి పార్క్ నుంచి రివర్స్‌కు, రివర్స్ నుంచి డ్రైవ్‌కు మార్చండి. క్షణంన్నర లోపల మెత్తగా పట్టాలి. ఆలస్యంగా పట్టి ధన్‌మని తంతే వదిలేయండి. తర్వాత ములుగు రోడ్డు మీద 60, 70 వేగంలో యాక్సిలరేటర్ కొద్దిగా మాత్రమే నొక్కి ఉంచండి. గతుకుల మీద పోతున్నట్టు సన్నగా వణికితే లాకప్ క్లచ్ జారుతోంది. కొన్నిసార్లు నూనె మారిస్తే పోతుంది, పోకపోతే కన్వర్టర్ దింపాలి. ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. చివరిసారి నూనె మార్చిన బిల్లు కూడా చూపించమని అడగండి.