పదికి పైగా యాప్‌లు చూసి రెండున్నర ఉంచుకోండి: నల్లగొండ, పాలమూరు ఫోన్లకు సోషల్ మీడియా రివ్యూ

థ్రెడ్స్‌లో ఉన్నరా, స్నాప్ ఐడీ ఏంది, టెలిగ్రామ్ చానల్ చూస్తలేరా అని ఇంటికొచ్చిన మేనల్లుడు అడిగితే నల్లగొండలో రిటైరైన సారు ముఖం చిన్నబోతది. మహబూబ్‌నగర్‌లో కిరాణం నడిపే ఆయన ఆ పేర్లన్నీ ఒక్కసారే ఎక్కించుకుని, నెల తిరగకముందే ఫోన్ నిండిందని సెల్ షాపుకు పోతడు. ఇద్దరిదీ ఒకటే గుబులు: అందరూ ఎటో పోయిన్రు, మనమే ఇక్కడ మిగిలినం. ఈ యాప్‌లను ఒక్కొక్కటిగా మన దిక్కు అవసరాలకు పెట్టి చూస్తే ఆ గుబులు సగానికి సగం ఉత్తదే.

మార్కులు వేసేటప్పుడు చూసింది ఒకటే. యాప్ ఎంత సక్కగుందని కాదు, మీరు మాట్లాడాల్సిన మనుషులు అందులో ఉన్నరా అని. రచ్చకట్ట ఎంత నున్నగ కట్టినా, ఊరోళ్లు యాపచెట్టు కిందనే కూసుంటే ఆ కట్ట దేనికి? ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడ్డది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్ 2న పోయింది. 2020 జూన్ 29న నిషేధం పడేసరికి టిక్‌టాక్‌లో లక్షల ఫాలోవర్లున్నోళ్లు కూడా సున్నాకొచ్చిన్రు. గొంతుతో మాట్లాడుకునే క్లబ్‌హౌస్ 2021 మేలో ఆండ్రాయిడ్‌కొచ్చి, తెలుగు రూముల్లో అర్ధరాత్రి దాకా లొల్లి నడిచి, మెల్లగా చల్లారింది. మన దేశపు ట్విట్టర్ అన్న కూ 2024 జూలైలో దుకాణం కట్టేసింది. వీటిలో ఖాతా తెరవనోళ్లకు ఇవాళ తక్కువైంది ఏమీ లేదు. కొత్తది ఏదైనా రాగానే ఉరకకండి. ఆర్నెల్లు ఆగినంక కూడా మీ ఫోన్‌బుక్‌లో అయిదుగురు అందులోనే పని ముచ్చట్లు నడుపుతుంటే అప్పుడు చూడొచ్చు.

ముందుగా వాట్సాప్. అయిదుకు నాలుగు మార్కులు. భివండీ, ముంబై పోయిన పాలమూరు కుటుంబాలైనా, మిర్యాలగూడ రైస్‌మిల్లు గుమస్తాలైనా, బడిపిల్లల తల్లిదండ్రులైనా అందరూ ఉన్నది ఇక్కడే కాబట్టి ఇది తీసేసే ప్రశ్నే లేదు. పోయిన ఆ ఒక్క మార్కు గ్రూపుల పుణ్యం. పదో తరగతి బ్యాచ్, కులసంఘం, కాలనీ, పొదుపు సంఘం, పెండ్లి కోసం పెట్టి పెండ్లైనంక ఎవరూ తీసేయని గ్రూపు. అడగకుండా చేర్చేవాళ్లను ఆపాలంటే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ తెరిచి 'మై కాంటాక్ట్స్' పెట్టండి. అప్పటి నుంచి తెలియనివాళ్లు మిమ్మల్ని నేరుగా చేర్చలేరు, ఆహ్వానం పంపాల్సిందే. అది మూడు రోజుల్లో చెల్లకుండ పోతది, మీరు కాదనాల్సిన మొహమాటం కూడా ఉండదు. బయటికి రాలేని గ్రూపును మ్యూట్‌లో 'ఆల్వేస్' పెట్టి ఆర్కైవ్‌లో పడేయండి. ఎవరికీ తెలియదు.

గ్రూపుకూ చానల్‌కూ తేడా తెలియక చాలామంది దెబ్బతింటున్నరు. చానల్స్ మన దేశంలోకి 2023 సెప్టెంబర్‌లో వచ్చినయి, 'అప్‌డేట్స్' ట్యాబ్‌లో స్టేటస్‌ల కింద కనిపిస్తయి. గ్రూపులో 1,024 మంది దాకా పడతరు, ప్రతి ఒక్కరి నంబరు మిగతా అందరికీ కనిపిస్తది. చానల్‌లో చూసేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, నడిపేవాళ్ల నంబరు కూడా చూసేవాళ్లకు కనిపించదు. నల్లగొండ బత్తాయి రైతులకు రోజూ రేటు చెప్పాలనుకునే వ్యాపారి గ్రూపు పెడితే, ఆ వెయ్యి మంది నంబర్లు పక్క వ్యాపారి చేతికి ఉత్తపుణ్యానికి ఇచ్చినట్టే. పైగా రేటు కింద గుడ్ మార్నింగ్ పూలు, దండాల బొమ్మలు పడి అసలు రేటు ఎక్కడుందో దొరకదు. అలాంటి పనికి చానలే సరి. రైతు తిరిగి ప్రశ్న అడగాలంటే మాత్రం అందులో కుదరదు, ఫోన్ చేయాల్సిందే.

ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టుతో కూడా అమ్మకాలు చేసేవాళ్లు మోసపోతరు. ఒక లిస్టులో 256 మంది పడతరు. అయితే మీ నంబరును సేవ్ చేసుకున్నోళ్లకే ఆ మెసేజ్ చేరతది. రెండు వందల మందికి పంపితే నలభై మంది చూసిన్రంటే యాప్ చెడిపోయినట్టు కాదు, మిగిలినోళ్ల ఫోన్‌లో మీ పేరు లేదు. బిల్లు ఇచ్చేటప్పుడే 'మా నంబరు సేవ్ చేసుకోండి' అనడం ఒక్కటే దీనికి మందు. వాట్సాప్ బిజినెస్ వేరే యాప్. ఒకే నంబరు మామూలు దాంట్లో, దీంట్లో రెండింట్లో నడవదు. ఇంటి నంబరునే బిజినెస్‌లో పెడితే ఇంటి చాట్లన్నీ అక్కడికి మారతయి. షాపుకు వేరే సిమ్ తీసుకోండి.

ఫోన్ నిండుడు గురించి రెండు ముక్కలు. 'స్టోరేజ్ అండ్ డేటా'లో ఆటో డౌన్‌లోడ్ అన్నీ తీసేయండి. తర్వాత 'మేనేజ్ స్టోరేజ్' తెరిస్తే పైనే రెండు పెట్టెలు కనిపిస్తయి: అయిదు ఎంబీ దాటినవి, పదేపదే ఫార్వర్డ్ అయినవి. రెండో పెట్టెను కండ్లు మూసుకుని ఖాళీ చేయొచ్చు, 64 జీబీ ఫోన్ అక్కడే ఊపిరి పీల్చుకుంటది. మొదటిదాంట్లో మనవరాలి వీడియోలు కలిసి ఉంటయి కాబట్టి ఒక్కొక్కటి చూసి తీయండి. టూ స్టెప్ వెరిఫికేషన్‌కు ఆరంకెల పిన్ పెట్టుకోవడం మరవద్దు. ఓటీపీ ఎవరైనా లాక్కున్నా ఈ పిన్ లేకుండా వాళ్లు వెంటనే మీ ఖాతాలో దూరలేరు.

యూట్యూబ్‌కు కూడా నాలుగు. ఇది మనుషులను కలిపే యాప్ కాదు, ఖాతా లేకున్నా చూడొచ్చు, అందుకే రెండున్నరలో రెండోది ఇదే. పత్తిలో గులాబీ పురుగు నుంచి మోటరు స్టార్టర్ కనెక్షన్ దాకా తెలుగులో దొరుకుతది. షార్ట్స్ ఒక్కటే దీని రోగం. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మధ్యాహ్నానికే అయిపోతుంటే దోషి అదే. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి యూట్యూబ్‌కు రోజుకు ఇన్ని నిమిషాలని టైమర్ పెట్టొచ్చు.

మిగిలిన సగం ఇన్‌స్టాగ్రామ్. సగం ఎందుకంటే, అమ్మేది ఏదైనా ఉంటే ఇది కావాలి, లేకుంటే అక్కెర లేదు. నారాయణపేట, గద్వాల, పోచంపల్లి చీరలు అమ్మేవాళ్లకు అయిదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు. హైదరాబాద్, బెంగళూరులో కొనేవాళ్లు చీరలు వెతికేది ఇక్కడనే. కానీ చాలా పేజీలు ఒకే తప్పు చేస్తున్నయి. ట్యూబ్‌లైట్ కింద తీస్తే మెరూన్ ముదురు గోధుమ రంగులో పడతది, చీర చేరినంక రంగు వేరని వాపస్ వస్తది. పొద్దున తొమ్మిది లోపల వసారాలో, ఎండ నేరుగా పడని చోట తీయండి. ఫోన్ నిలువుగానే పట్టుకోండి. గద్వాల చీరకైతే ఒంటి నూలు, పట్టు అంచు కలిసే కుప్పడం అతుకును చీర తిప్పి వెనక నుంచి అయిదు సెకన్లు చూపించాలి. తెలిసినోళ్లు చూసేది ఆ గీతనే. అది చూపించకుండ పాట పెట్టి చీరను గాల్లో ఊపితే లైకులు వస్తయి, ఆర్డర్లు రావు. ధర రాయకుండ 'డీఎం చేయండి' (విడిగా మెసేజ్ పెట్టండి) అనేవాళ్లకు ఒక మాట: అడగడానికి బద్ధకించి పక్క పేజీకి పోయినవాళ్ల లెక్క మీకు ఎప్పటికీ తెలియదు.

అమ్మేది లేనివాళ్లకు ఇన్‌స్టాగ్రామ్ రెండు మార్కులే. పిల్లల ఫోటోలు చూడటానికి తెరిస్తే పిల్లల ఫోటోలు తప్ప అన్నీ వస్తయి.

దీని తమ్ముడు, ట్విట్టర్ లాంటి థ్రెడ్స్. 2023 జూలైలో వచ్చిన అయిదు రోజుల్లోనే పది కోట్ల ఖాతాలు అన్న వార్త చూసి చాలామంది బెంగపెట్టుకున్నరు. అవి ఎట్ల వచ్చినయో చూస్తే బెంగ తీరతది. ఇన్‌స్టాగ్రామ్ ఉన్నోళ్లు ఒక్క బటన్ నొక్కితే ఖాతా తయారు. లోకమంతా అటు పోయిందని కాదు, తలుపు పక్కనే ఉంటే తొంగి చూసిన్రు. పొరపాటున నొక్కి ఖాతా తెరిచినోళ్లు థ్రెడ్స్ సెట్టింగ్స్‌లోని అకౌంట్‌లోనే దాన్ని తీసేయొచ్చు, ఇన్‌స్టాగ్రామ్ అట్లనే ఉంటది. ఒకటిన్నర మార్కు.

ఫేస్‌బుక్‌లో నలభై దాటినోళ్లు ఇంకా ఉన్నరు, అందుకని రెండున్నర. ఉన్నోళ్లు ఉండండి, లేనోళ్లు కొత్తగా చేరకండి. ఇక్కడ ఎక్కువగా జరిగే మోసం మీ ఖాతా హ్యాక్ కావడం కాదు. మీ ఫోటో, మీ పేరు పెట్టి ఇంకో ఖాతా తెరిచి, మీ స్నేహితుల జాబితా చూసి ఒక్కొక్కరికి 'అర్జెంటు, పదివేలు కావాలి' అని పంపుతరు. పాస్‌వర్డ్ మార్చినందుకు ఇది ఆగదు. ఆపాల్సింది ఆ జాబితాను. ప్రైవసీ సెట్టింగ్స్‌లో 'మీ ఫ్రెండ్స్ లిస్ట్ ఎవరు చూడొచ్చు' అన్నచోట 'ఓన్లీ మీ' పెట్టండి. ప్రొఫైల్ మీద మూడు చుక్కలు నొక్కి 'లాక్ ప్రొఫైల్' చేయండి. జాబితా లేకుంటే దొంగకు ఎవరిని అడగాలో తెలియదు.

టెలిగ్రామ్ పరీక్షలు రాసేవాళ్లది. గ్రూప్ 1, గ్రూప్ 2, డీఎస్సీ ఉద్యోగ పరీక్షల పీడీఎఫ్‌లు, రెండు జీబీల దాకా ఫైళ్లు, ఒక్క గ్రూపులో రెండు లక్షల మంది. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే మూడు, లేకుంటే ఒకటి. మామూలు చాట్లకు ఇందులో వాట్సాప్ తరహా ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవకుండ వేసే తాళం) ఉండదు, 'సీక్రెట్ చాట్' విడిగా తెరిస్తేనే ఉంటది. చేరగానే ప్రైవసీలో ఫోన్ నంబరును 'నోబడీ' చేయండి. వీడియోలకు లైక్ కొడితే, హోటళ్లకు రేటింగ్ ఇస్తే డబ్బులని వాట్సాప్‌లో మొదలై టెలిగ్రామ్‌కు రమ్మంటే అది మోసమే. మొదట నూటయాభై నిజంగానే వేస్తరు. ఆ నూటయాభై ఎర, తర్వాత 'ప్రీపెయిడ్ టాస్క్' అని వేలు కట్టమంటరు. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఎక్స్ (పాత ట్విట్టర్), బ్లూస్కై, మాస్టొడాన్ మూడింటికీ కలిపి ఒక మార్కు. రాజకీయాల మీద యావ ఉంటే ఎక్స్ చూడండి. కరెంటు పోయిందని ట్వీట్ పెట్టేకన్నా 1912కి ఫోన్ కొట్టడం తేలిక. ఎక్స్ లాంటివే అయిన బ్లూస్కై, మాస్టొడాన్ మంచి ఆలోచనలే, మన ఊరోళ్లు మాత్రం అక్కడ లేరు. షేర్‌చాట్, మోజ్ వీడియోలు ఎట్లాగూ వాట్సాప్‌కే వచ్చి పడుతున్నయి, మళ్లీ యాప్ ఎందుకు? జోహో కంపెనీ వాళ్ల మెసేజింగ్ యాప్ అరట్టై, ఆ పేరుకు తమిళంలో ముచ్చట్లని అర్థం. 2025లో చాలామంది ఎక్కించుకున్నరు. యాప్ తేలికగానే నడుస్తది, అయితే ముచ్చట్లకు అవతలి మనిషి కావాలి కదా. దుబాయిలో మనోళ్లుంటే మాత్రం అక్కడ వాట్సాప్ కాల్స్ నడవవు కాబట్టి కాల్స్ చేసే యాప్ బోటిమ్ ఒకటి పెట్టుకోక తప్పదు.

స్నాప్‌చాట్ పిల్లలది. పెద్దలు అందులో చేరి పిల్లలను కనిపెడతం అనుకుంటే ఒరిగేది లేదు, పంపినవి చూడగానే మాయమైతయి. చేరే బదులు పిల్లల ఫోన్‌లో స్నాప్ మ్యాప్ తెరిపించి 'గోస్ట్ మోడ్' ఆన్ చేయించండి. లేకుంటే ఇల్లు, కాలేజీ, హాస్టల్ ఎక్కడుందో పటం మీద బొమ్మేసినట్టు కనిపించే ప్రమాదం ఉంది.

ఏ కొత్త యాప్ తెరిచినా మొదట అడిగేది మీ కాంటాక్ట్స్. 'అల్లో' అన్న బటన్ కొట్టొచ్చినట్టు నీలిరంగులో ఉంటది, 'నాట్ నౌ' కింద సన్నగా బూడిదరంగులో ఉంటది. వేలు దానంతటదే నీలిరంగు మీదికి పోతది. నొక్కితే ఫోన్‌బుక్ మొత్తం వాళ్ల దగ్గరికి చేరతది, ఎప్పుడో సేవ్ చేసుకున్న ప్లంబర్ నుంచి బ్యాంకు మేనేజర్ దాకా 'మీకు తెలిసినవాళ్లు' అని ఎదురైతరు. సన్నటిదే నొక్కండి. ఇప్పటికే నొక్కి ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు తెరిచి, పర్మిషన్స్‌లో కాంటాక్ట్స్ ఆపేయండి. యాప్ పీకేసినంత మాత్రాన ఖాతా పోదన్నది కూడా గుర్తుంచుకోండి. లోపలికి పోయి 'డిలీట్ అకౌంట్' నొక్కాలి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ అయితే 30 రోజులు ఆగి తీసేస్తయి, ఆలోగా లాగిన్ అయి తీసేసుడు రద్దు చేస్తే మళ్లీ మొదటికే.

ఇగ సెల్ షాపుల సంగతి. యాప్‌లు ఎక్కించి సెట్ చేసి ఇచ్చే షాపులు బస్టాండ్ల దగ్గర కోకొల్లలు. పని తొందరగా చేస్తరు, కానీ ఆ తొందరలో అక్కడి పిలగాడు ఏదో ఒక జీమెయిల్ సృష్టించి ఫోన్‌లో పెడతడు, పాస్‌వర్డ్ ఆయనకే గుర్తుండదు. రెండేండ్ల తర్వాత ఫోన్ హ్యాంగ్ అయి రీసెట్ కొడితే పాత జీమెయిల్ పాస్‌వర్డ్ అడుగుతది. అది లేకుంటే చేతిలో ఉన్నది రాయే. షాపులోనే నిలబడి జీమెయిల్, పాస్‌వర్డ్ కాగితం మీద రాయించుకోండి, రికవరీ నంబరుగా మీ నంబరే పెట్టించుకోండి. బయటికొచ్చే ముందు వాట్సాప్‌లో 'లింక్డ్ డివైజెస్' తెరిచి చూడండి. అక్కడ మీకు తెలియని కంప్యూటర్ పేరు కనిపిస్తే దాని మీద నొక్కి లాగ్ అవుట్ చేసినంకనే షాపు మెట్లు దిగండి.