ఇంటికొచ్చి రక్తం తీసే 'బరువు ప్యాకేజీ': డబ్బుకు తగ్గ పరీక్షేనా?

తిండి తగ్గించినా బరువు పెరుగుతుంటే లోపల ఏదైనా జబ్బుందేమోనన్న అనుమానం సహజం. ఆ అనుమానం తీర్చడానికే ల్యాబులు ఈ ప్యాకేజీ అమ్ముతున్నాయి. ఇందులో మామూలుగా థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలుంటాయి. ఖరీదైన రకంలో కార్టిసాల్, ఇన్సులిన్ కూడా కలుపుతారు.

వీటిలో తప్పక చేయించాల్సింది థైరాయిడ్ పనితీరు చెప్పే టీఎస్‌హెచ్. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడేవాళ్లు 2 రోజుల ముందే ఆపాలి. లేకపోతే కొన్ని మెషీన్లలో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. థైరాయిడ్ లోపం తేలినా, దానివల్ల పెరిగే బరువు చాలామందిలో 2 నుంచి 5 కిలోలే. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో చేరిన ఉప్పూ నీరే. బరువు ఇంకా తగ్గాలని థైరాయిడ్ మాత్ర డోసు సొంతంగా పెంచుకుంటే గుండె దడ పట్టుకుంటుంది, ఎముకలు గుల్లబారతాయి.

ఈ ప్యాకేజీలో అసలు లొసుగు కార్టిసాల్ పరీక్ష దగ్గరుంది. ఈ హార్మోన్ పొద్దున సహజంగానే ఎక్కువ, రాత్రికి పడిపోతుంది. అందుకే పరగడుపున ఒక్కసారి తీసిన రక్తంతో, ఒంట్లో కార్టిసాల్ అతిగా ఉండే కుషింగ్స్ జబ్బును తేల్చలేం. దాన్ని తేల్చడానికి డాక్టరు రాస్తే రాత్రి 11–12 మధ్య డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 1 మి.గ్రా. (అర మి.గ్రా. బిళ్లలైతే రెండు) వేసుకుని, మర్నాడు 8–9 గంటల మధ్య రక్తమివ్వాలి. కార్టిసాల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల లోపుంటే కుషింగ్స్ దాదాపు లేనట్టే. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు ఇది తప్పుగా ఎక్కువ రావచ్చు, ఆ సంగతి ముందే చెప్పాలి.

మన ఊళ్లలో ఇంకో చిక్కుంది. మోకాళ్ల నొప్పులకు తెచ్చుకునే పొట్లం మందుల్లో స్టెరాయిడ్ ఉంటే మొహం ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, కార్టిసాల్ మాత్రం తక్కువ వస్తుంది. బయటి స్టెరాయిడ్‌కు అలవాటుపడి, కార్టిసాల్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేస్తాయి. రిపోర్టు చూసి భయపడి ఆ మందు ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఒలాంజపైన్ (మానసిక జబ్బులకు), వాల్ప్రోయేట్ (మూర్ఛకు), గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ (షుగర్‌కు) లాంటి మందుల వల్ల పెరిగే బరువును ఈ ప్యాకేజీ పట్టుకోలేదు. వాడే మందుల చీటీ డాక్టరుకు చూపించడమే దానికి పరీక్ష. ఇక ప్యాకేజీలోని ఇన్సులిన్ పరీక్షలో వచ్చే అంకె వల్ల వైద్యం మారదు, దానికి పెట్టే డబ్బు దండగ. టీఎస్‌హెచ్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ విడిగా చేయించుకోవడం మేలు.

పొట్టమీద చిటికెన వేలంత వెడల్పున ఊదారంగు చారలు, దెబ్బ తగలకుండానే కమిలే చర్మం, గొంతుక్కూర్చుంటే చేతి ఊతం లేకుండా లేవలేకపోవడం కనిపిస్తే ప్యాకేజీ జోలికి పోకుండా నేరుగా హార్మోన్ల డాక్టరు (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరికి వెళ్లాలి. బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోయిన పిల్లల్నీ అంతే, ఆలస్యం చేయకుండా తీసుకెళ్లాలి.