రెండు స్పీకర్ల కోసం పినాకిని ఎక్కాను

ఆరు నెలలుగా రాత్రి పదకొండు దాటితే నాకు ఒకటే పని. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని యూట్యూబ్‌లో స్పీకర్ల వీడియోలు చూడడం. అలాంటి ఒక సౌండ్ డెమో విని కెఫ్ కంపెనీ ఎల్‌ఎస్50 స్పీకర్లని నా లిస్టులోంచి కొట్టేశాను, బేస్ లేదని. "ఆ స్పీకర్ శబ్దం మీ ఇయర్‌ఫోన్‌లో ఎలా తెలుస్తుందండీ?" అని మా ఆవిడ ఒకరోజు అడిగింది. నిజమే. నేను వింటున్నది వాళ్ల గదిని, వాళ్ల మైకుని, యూట్యూబ్ కుదించి పంపిన ఆడియోని, ఆపైన నా ఎనిమిది వందల రూపాయల ఇయర్‌ఫోన్‌ని. వారం తిరక్కుండానే పొద్దున్నే విజయవాడలో పినాకిని ఎక్కి, మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్‌లో దిగాను.

ముందు ఎలక్ట్రానిక్స్ షాపుల రిచీ స్ట్రీట్. సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషను, గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగి నడవొచ్చు. వైర్లు, ప్లగ్గులు కొనుక్కోవడానికి బాగుంటుంది కానీ వినడానికి కాదు. ఈ షాపులో పాట పెడితే పక్క షాపు మైక్ టెస్టింగు, బయట బైకుల హారన్లు. స్పీకర్ వైరు తీసుకుని బయటపడ్డాను.

తర్వాత వెళ్లిన షోరూమ్‌లో ఏసీ గది, సోఫా, డబ్బులడక్కుండా డెమో. అక్కడి కుర్రాడు ముందు వాళ్ల డిస్క్ పెట్టాడు. గిటారు, ఒక ఆడగొంతు. అలాంటి రికార్డింగ్ ఏ స్పీకర్లోనైనా బాగానే ఉంటుంది. నేను బాలమురళి కచేరీ సీడీ బయటికి తీశాను. ఎల్‌ఎస్50లో కొత్త మోడలైన మెటా తర్వాత ఇంకో కంపెనీ జత పెట్టగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మృదంగం తొప్పి, అంటే ఎడమవైపు దెబ్బ, గుండెకి తగిలింది. కార్డు తీయబోతూ వెనకున్న లేబుల్ చూశాను: ఒకే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె, 88 డెసిబెల్స్. కెఫ్‌ది 85. కుర్రాడు వాల్యూమ్ ముట్టుకోకుండానే స్పీకర్లు మార్చేశాడు. మూడు డెసిబెల్స్ తేడా అంటే యాంప్లిఫయరు రెట్టింపు పవర్ ఇస్తున్నట్టే. గట్టిగా మోగిందే మన చెవికి మంచిగా అనిపిస్తుంది. ఫోన్లో శబ్దం కొలిచే మీటర్ యాప్ పెట్టి రెండింటినీ 75 డెసిబెల్స్ దగ్గర సమానం చేయించాను. అప్పుడు ఎల్‌ఎస్50లో గాత్రం వెనకాల తంబుర విడిగా వినిపించింది, ఆ రెండో జతలో అది గొంతులో కలిసిపోయింది. ఇంటికి తీసుకెళ్లి విని చూస్తానంటే మాత్రం "ఓపెన్ చేస్తే రిటర్న్ లేదు సార్" అన్నారు. అరగంట కాగానే వేరే కస్టమర్ వచ్చారని లేపేశారు కూడా.

ట్రిప్లికేన్‌లో దిగిన లాడ్జి శుభ్రంగానే ఉంది, కానీ కిటికీ కింద జనరేటరు. రాత్రంతా దాని మోత. మర్నాడు వినే పని ఉన్నవాళ్లు గది తీసుకునే ముందు కిటికీ తెరిచి చూసుకోండి. రత్నా కేఫ్‌లో సాంబారులో మునిగిన ఇడ్లీ తిన్నాక గానీ మనిషిని కాలేదు.

రెండోరోజు అక్కడి తిరువల్లికేణి స్టేషన్లో లోకల్ రైలెక్కి వేళచ్చేరి వెళ్లాను. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన పాత ఎల్‌ఎస్50 జత అమ్ముతున్నారు, కెఫ్ వాళ్లు 50 ఏళ్ల పండగకి 2012లో తెచ్చిన మోడల్. "ముందు కాఫీ తాగు బాబూ, చెవులు కుదుటపడనీ" అన్నారు. ఆయన గది పన్నెండడుగులు, మా హాలూ అంతే. గోడకి ఆనించి పెడితే బేస్ గుమ్మని మూలుగుతోంది. పన్నెండడుగుల గదిలో 47 హెర్ట్జ్ దగ్గర ఆ ఉబ్బు రావడం మామూలేనట. ఆయన స్టాండు కింద పాత బనియను వేసి, గచ్చు గీరుకోకుండా రెండింటినీ అడుగున్నర ముందుకి లాగారు. మూలుగు చాలావరకు పోయింది, తొప్పి దెబ్బ వేరుగా, దాని వెనక మోత వేరుగా తెలిశాయి. గంటన్నర కూర్చున్నా ఎవరూ లెమ్మనలేదు.

వీడియోలు వృథా అని చెప్పను. వెనక టెర్మినల్స్ ఎలా ఉంటాయో, స్టాండు ఎంత ఎత్తుండాలో వాటిలోనే నేర్చుకున్నాను. ఆ పెద్దాయన దగ్గర కొన్న జతలో ఒక్కోటి ఏడు కిలోల పైనే అన్న సంగతి మాత్రం సెంట్రల్‌లో ప్లాట్‌ఫారం మీద చేతులకి తెలిసొచ్చింది.

ఇంటికొచ్చి కనెక్షన్ ఇచ్చాక, అప్పుడు ఏది విని ఎల్‌ఎస్50ని లిస్టులోంచి కొట్టేశానో ఆ వీడియోనే వీటిలో పెట్టి విన్నాను. బేస్ లేదు.