ఏరి కూర్చిన పాత గేముల సెట్టు: అసలు ఎన్‌ఈఎస్‌లో, మిస్టర్‌లో ఎలా ఆడింది

ఎవర్‌డ్రైవ్ ఎన్‌8 ప్రో (మెమరీ కార్డులోని గేము ఫైళ్లను ఆడించే కార్ట్రిడ్జ్) పెట్టిన అసలు ఎన్‌ఈఎస్‌లోనూ (నింటెండో వారి పాత గేమ్ కన్సోల్), మిస్టర్ ఎఫ్‌పీజీఏలోనూ (పాత కన్సోళ్ల సర్క్యూట్లను ఒక చిప్పులో అనుకరించే పరికరం) పాత గేముల ఫైళ్లున్న ఈ సెట్టును చాలాకాలంగా వాడుతున్నాను. ఎంపికకు వంక పెట్టలేం. గేముకు ఒక్క కాపీయే ఉంది, వేల ఫైళ్ల మధ్య వెతుక్కునే బాధ లేదు. తేడా కొట్టిందల్లా ఫైళ్ల లోపలే.

ఎన్‌ఈఎస్ ఫైల్లో మొదటి 16 బైట్లు హెడర్. కార్ట్రిడ్జ్‌లో ఏ చిప్పు ఉండేదో చెప్పే మ్యాపర్ నంబరు అందులోనే ఉంటుంది. ఎంఎంసీ3 చిప్పు గేముకు 4 ఉండాల్సిన చోట 1 ఉంటే ఎవర్‌డ్రైవ్ దాన్ని ఎంఎంసీ1గా నడపబోతుంది, తెర మీద బొమ్మ రాదు. కొన్ని ఎమ్యులేటర్లు (కంప్యూటర్లో కన్సోల్‌ను అనుకరించే ప్రోగ్రాములు) సొంత డేటాబేస్ చూసుకుని ఈ తప్పును గుట్టుగా సర్దేస్తాయి. అందుకే కంప్యూటర్లో ఆడిన ఫైలు కన్సోల్‌లో మొరాయిస్తుంది. ఇందులో అనువాద ప్యాచ్ (గేములోని మాటలను వేరే భాషకు మార్చే దిద్దుబాటు ఫైలు) వేసిన జపాన్ గేములదే ఎక్కువ పేచీ. అసలు ఫైలు సీఆర్‌సీ (ఫైలు సరైనదో కాదో పోల్చి చూసే సంఖ్య) సరిచూసి, ప్యాచ్ మళ్లీ వేస్తే చాలావరకు దారికొచ్చాయి. సూపర్ నింటెండో ఫైళ్లకైతే ముందు సైజు చూడండి: 1024తో భాగిస్తే 512 మిగిలిందంటే పాత కాపియర్ (కార్ట్రిడ్జ్‌ను ఫైలుగా నకలు తీసే పరికరం) చేర్చిన హెడర్ అతుక్కుని ఉన్నట్టే. హెడర్ లేని ఫైలుకు చేసిన ఐపీఎస్ (ఒక రకం ప్యాచ్ ఫైలు) ప్యాచ్ దానిమీద వేస్తే ప్రతి మార్పూ 512 బైట్లు పక్కన పడుతుంది.

కొన్ని గేములకు యూరప్ వెర్షన్ ఎందుకు పెట్టారో అర్థం కాదు. యూరప్ టీవీల 50 హెర్ట్జ్‌కు (సెకనుకు 50 సార్లు తెర మారే వేగం) రాసినవాటిని 60 హెర్ట్జ్ కన్సోల్‌లో ఆడితే, పాటతో సహా, 20 శాతం వేగంగా పరుగెడతాయి. అమెరికా వెర్షన్ ఉన్నచోటల్లా మార్చుకోవడమే మేలు.

శబ్దం విషయంలో సెట్టును తప్పుపట్టకూడదు. 1989 నాటి ‘అకుమాజో డెన్‌సెట్సు’ (కాసిల్‌వేనియా 3 జపాన్ వెర్షన్)లో వీఆర్‌సీ6 చిప్పు ఇచ్చే అదనపు శబ్ద ఛానళ్లు మార్పులేమీ చేయని ఎన్‌ఈఎస్‌లో వినబడవు, అడుగున ఉన్న ఎక్స్‌పాన్షన్ పోర్టులో రెసిస్టర్ కలపాలి. మిస్టర్‌లో హాయిగా వినిపిస్తాయి. ఒకే చిప్పుతో నడిచే చవక నకలు కన్సోళ్లు చాలావాటిలో స్క్వేర్ వేవ్ (చదరపు ఆకారపు శబ్ద తరంగం) 25, 50 శాతం డ్యూటీలు (తరంగం పైన ఉండే సమయపు వాటా) తారుమారై, తెలిసిన పాట కూడా పరాయిగా వినిపిస్తుంది. వాటికోసం ఈ సెట్టు కొనడం దండగ.

మిస్టర్‌లో గేము లోపల సేవ్ చేయగానే ప్లగ్గు పీకేయకండి. ఆటోసేవ్ ఆన్‌లో ఉన్నా, మెనూ తెరిచినప్పుడే అది కార్డుకెక్కుతుంది. నాకు అసలు కోపం తెప్పించింది మాత్రం కొత్త విడుదల: ఫైళ్ల పేర్లు మార్చేశారు. సేవ్ ఫైలు గేము ఫైలు పేరుతోనే జతపడుతుంది కాబట్టి పాత సేవ్‌లన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి. కార్డులోనే ఉంటాయి, కొత్త పేర్లకు తగ్గట్టు ఒక్కోటీ మార్చుకోవాలి.