బోరు ఇంకుడు గుంత సేవ: పనితనం మెచ్చదగినది, లెక్క పాతది

హైదరాబాద్ పడమటి శివారులోని మా అపార్టుమెంటు బోరు ఏప్రిల్ వచ్చేసరికి కాసేపు నీళ్లు పోసి ఆ తర్వాత గాలి కొడుతుండటంతో, ఇంకుడు గుంతలు తీసి ఇచ్చే స్థానిక సంస్థ ఒకదానికి నిరుడు పని అప్పగించాము. ఒక వానాకాలం గడిచింది కనుక ఇప్పుడు అభిప్రాయం చెప్పవచ్చు.

పనితనానికి వంక పెట్టలేము. బోరు చుట్టూ పొడవు, వెడల్పు, లోతు ఆరేసి అడుగులు ఉండేలా గుంత తవ్వి, బోరు గోడలు కూలకుండా దించే కేసింగ్ పైపుకు సన్నని రంధ్రాలు వేసి, దానికి నైలాన్ జాలీని రెండు చుట్లు చుట్టి తీగతో బిగించారు. అడుగున పెద్ద రాళ్లు, వాటిపై 40 ఎంఎం, 20 ఎంఎం కంకర, అన్నింటికీ పైన దొడ్డు ఇసుక పరిచారు. తొలి వానకు డాబా మీది దుమ్మంతా కొట్టుకొస్తుంది కనుక, ఆ నీటిని బయటికి వదిలే వాల్వును మేము అడగకముందే అమర్చారు. రోడ్డు మీద పారే నీటిని కూడా ఇందులోకే మళ్లించమని కొందరు పట్టుబట్టినా, బోరు కలుషితమవుతుందని వారు ససేమిరా అన్నారు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

చిక్కంతా పరిమాణం దగ్గరే వచ్చింది. సంస్థవారు నగరంలో ఏడాదికి సగటున కురిసే సుమారు 800 మిల్లీమీటర్ల వాననే లెక్కకు తీసుకున్నారు గాని, అది ఎన్ని గంటల్లో కురుస్తున్నదో చూడలేదు. వాతావరణం వేడెక్కే కొద్దీ గాలి ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది. అందువల్ల ముసురు పట్టి నిదానంగా కురవవలసిన వాన కుండపోతగా పడి పోయే సందర్భాలు పెరుగుతున్నాయి. మన నేల కింద ఉన్నది గ్రానైటు. పైనున్న, రాయి చివికి వదులైన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ తప్ప నీరు నిలిచే చోటు లేదు, అక్కడికి అది నిదానంగానే దిగుతుంది. గంటలో 60 మిల్లీమీటర్లు పడితే మా 300 చదరపు మీటర్ల డాబా నుంచి 18,000 లీటర్లు వస్తాయి. రాళ్ల మధ్య ఖాళీలను బట్టి చూస్తే ఈ గుంతలో ఒక్కసారిగా నిలిచేది దాదాపు 2,500 లీటర్లే. పెద్ద వానలకు మిగతా నీరంతా కాల్వ పాలవడం మేడమీద నుంచి చూస్తూనే ఉన్నాము.

పని మొదలుపెట్టకముందు బోరులో నీటిమట్టం కొలవకపోవడం మరో లోపం. ఈసారి బోరు కొంత మెరుగ్గానే పోస్తున్నా, అది గుంత చలవో మంచి వానల చలవో తేల్చలేకపోతున్నాము. ఇసుకపై పేరుకున్న మెత్తటి ఒండ్రును తీసే బాధ్యత ఒప్పందంలో లేదు. దానిని మేమే గీకించుకున్నాము.

అయిదుకు మూడు మార్కులు వేస్తాను. ఈ సేవ తీసుకునేవారు నీరు గుంతలోకి వెళ్లే ముందు ఆగేలా ఒక నిల్వ తొట్టిని, ఏటా ఇసుక పొర శుభ్రం చేసే షరతును ఒప్పందంలోనే రాయించుకోవాలి.