ఆటోనగర్ ఇత్తడి కొట్టు: ఫోన్‌లో ఒక రేటు, గుమ్మరించాక ఇంకో రేటు

విజయవాడ ఆటోనగర్‌లో పాత ఇత్తడి, రాగి కొనే ఆ రేకుల షెడ్డు గురించే చెబుతున్నా. బోర్డు లేదు, పేరు నేను రాయను, అటు తిరిగేవాళ్లకి ఏదో అర్థమైపోతుంది. అక్కడికి సామాను పట్టుకెళ్లే ముందు ఇది చదవండి.

మాది పటమటలో పాత అపార్ట్‌మెంటు. కుళాయిలు, పైపుల వాల్వులు అన్నీ మార్పించాం. పాతవి అమ్మే పని అసోసియేషన్ తరఫున నా నెత్తిన పడింది. కింద కిరాణా కొట్లో తూయిస్తే ఇత్తడి కుళాయిలు 38 కిలోలు, గన్‌మెటల్ (రాగి ఎక్కువుండే మిశ్రమ లోహం) వాల్వులు 14 కిలోలు వచ్చాయి. రెండూ వేరే గోనెసంచుల్లో కట్టాం. ఫోన్ చేస్తే కొట్టు ఓనరు ఇత్తడి కిలో 480, గన్‌మెటల్ 640 అన్నాడు. అంటే 27,200. "మీరు పట్టుకొచ్చేయండి సార్, మన దగ్గర తేడా ఉండదు" అన్నాడు. కొత్తల్లుడికి కూడా అంత మర్యాద జరగదు!

ట్రాలీ ఆటో సరిగ్గా ఆగనే లేదు, ఇద్దరు కుర్రాళ్లు వచ్చి సంచులు దించి కాటా మీద పడేశారు. రెండూ కలిపి ఒకేసారి. అంకెలు కనపడే వైపు ఆయన కుర్చీకేసి తిరిగి ఉంది. నేను తొంగి చూసేలోపు "నలభై ఎనిమిది" అని కేకేశాడు. "52 ఉండాలండీ, వేరువేరుగా తూయండి" అని నేను అంటూనే ఉన్నా, కుర్రాడు సంచులు కోసి వాళ్ల గుట్ట మీద గుమ్మరించేశాడు. ఎవరెవరివో కుళాయిలు, బిందె ముక్కలు, మోటారు బుష్‌లు అక్కడ మనిషెత్తున ఉన్నాయి. మా సామాను అందులో కలిసిపోయింది. బేరం అప్పుడు మొదలెట్టాడు మహానుభావుడు.

ఒక కుళాయి తీసి అయస్కాంతం పెట్టాడు. లోపలి ఇనుప స్క్రూ టక్కున అంటుకుంది. ఆ స్క్రూ పది గ్రాములుంటే గొప్ప. దానికి "ఇనుము తరుగు" అని 4 కిలోలు కోత! తర్వాత ఇత్తడి పరిశ్రమకి పేరున్న గుజరాత్ జామ్‌నగర్‌లో రేటు పడిపోయిందన్నాడు. పొద్దున ఫోన్‌లో పడని రేటు, పటమట నుంచి ఆటోనగర్ వచ్చేలోపు పడిపోయిందన్నమాట. పైగా నాకు పాఠం: "తూటా తొడుగుల ఇత్తడి తెస్తే మంచి రేటిస్తా, అందులో 70 పాళ్లు రాగి, 30 జింక్. మీ కుళాయిల్లో ఏముంది, సీసం." అందులో అబద్ధమేమీ లేదు. లేతు మీద సులువుగా తెగాలని కుళాయి ఇత్తడిలో కాస్త సీసం కలుపుతారు, రాగి 60 పాళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. కానీ 480 అని చెప్పింది కుళాయిలకే కదా, తూటాలకి కాదుగా! మరి వాల్వుల సంగతి? ఆ రకం గన్‌మెటల్‌లో రాగి 85 పాళ్ల దాకా ఉంటుంది, మిగతాది తగరం, జింక్, సీసం. దాన్నీ ఇత్తడిలో కలిపేసి అంతా కిలో 420 అన్నాడు.

"వద్దులెండి, మా సామాను మాకిచ్చేయండి" అన్నాను.

సెల్‌ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "అదిగో గుట్ట. నీదేదో ఏరుకుని పట్టుకుపో."

సార్ పోయి నువ్వు వచ్చింది. కుర్రాళ్లు పళ్లికిలించారు. నేను నిజంగానే వంగి ఏరడం మొదలెట్టా. మా వాల్వులకి ఎర్ర పెయింటు గుర్తులున్నాయి. ఒకటి దొరికింది, ఇంకోటి దొరికింది, తర్వాతదాని కోసం చెయ్యి పెడితే రేకు కోసుకుని రక్తం. ఆయన అప్పుడు చూశాడు. చూసి, "గుట్ట మీద రక్తం పడనీకు" అన్నాడు. ఇప్పటికీ చెవుల్లో మోగుతోంది ఆ మాట.

44 కిలోలు, 420 చొప్పున 18,480. చిల్లర లేదని 18,400 చేతిలో పెట్టాడు. రసీదు అడిగితే "జీఎస్టీ నువ్వు కడతావా" అన్నాడు. 8,800 తేడా ఎక్కడికి పోయిందో ఇప్పుడు అసోసియేషన్‌లో నేను చెప్పుకోవాలి. మూడో ఫ్లోరు పెద్దాయన అప్పుడే అదోలా చూస్తున్నాడు. ఊరికే పెద్దరికం నెత్తికెత్తుకుంటే ఇంతే.

లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల శాఖ) వాళ్లకి ఫిర్యాదు రాస్తున్నా. 2009 చట్టం 30వ సెక్షన్ అమ్మేవాడు తక్కువ తూచినప్పుడే కాదు, కొనేవాడు మోసం చేసి ఎక్కువ లాక్కున్నప్పుడు కూడా వర్తిస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి ముద్ర వేయించుకోవాలి. ఆ కాటా మీద నాకైతే ఏ ముద్రా కనపడలేదు.

మీరు వెళితే మాత్రం, డబ్బు చేతిలో పడేదాకా సంచి మూతి విప్పనివ్వకండి. గన్‌మెటల్ విడిగా తూయించండి. ఆకురాయితో గీస్తే ఇత్తడి పసుపుగా ఉంటుంది, గన్‌మెటల్ కాస్త ఎర్రగా కనపడుతుంది. ఇనుప స్క్రూలు ఇంట్లోనే పీకేయండి.

మా రెండో బ్లాకు వాల్వులు ఇంకా మార్చాలి. విజయవాడలోగానీ గుంటూరులోగానీ కాటా మన వైపు తిప్పి తూచే కొట్టు ఉంటే చెప్పండి. ఆటో ఖర్చు ఎక్కువైనా పర్లేదు.